వేరుబడుల మీద పరిశోధన ఎవరికి అక్కరకు వస్తుంది?

ప్రశ్న: "న్యూజెర్సీలో విద్యాశాస్త్రంలో ఎం.ఏ. చేస్తున్నాను. బడుల్లో పిల్లలు జాతిని బట్టి విడిపోవడం మీద థీసిస్ రాయాలని ఉంది. డెబ్బై ఏళ్లుగా ఇన్ని పరిశోధనలు వచ్చినా బడులు మళ్లీ విడిపోతూనే ఉన్నాయని చదివాక ఉత్సాహం తగ్గింది. ఇలాంటి పరిశోధన వల్ల నిజంగా ఏమైనా మారుతుందా? మారితే ఎలా మారుతుంది?"

మారుతుంది. అయితే పరిశోధకుడు నిజం కనిపెట్టడం, ప్రభుత్వం దాన్ని చదవడం, చట్టం మారడం అనే వరుసలో జరిగినది నా ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో ఒక్కటీ చూడలేదు. నేను గుంటూరులో గణితం చదువుకుని, ఇక్కడికి వచ్చాక పాఠశాలల గణాంకాల పనిలో స్థిరపడ్డాను. ఏ బడిలో ఎవరు చదువుతున్నారు, ఏ బస్సు ఏ వీధి నుంచి ఎవరిని తెస్తోంది, కష్టమైన లెక్కల తరగతిలో ఎవరు కూర్చుంటున్నారు అని లెక్కపెట్టడమే నా పని. ఆ పనిలో నాకు అర్థమైనది ఒకటే. అప్పటికే పోరాడుతున్నవాళ్లు ఒక ప్రశ్న దగ్గర చిక్కుకుపోయినప్పుడు, సరిగ్గా ఆ ప్రశ్నకు జవాబు ఇచ్చిన పరిశోధన మార్పుకు పనికొచ్చింది. మిగతాది ఎంత గొప్పదైనా అరలోనే ఉండిపోయింది. ఇది నిరుత్సాహపడవలసిన విషయమని నేను అనుకోను. మీ థీసిస్ ఎక్కడ మొదలుపెట్టాలో ఇది చెబుతుంది.

వేరుబడులను కొట్టేసిన 1954 నాటి బ్రౌన్ తీర్పులో ప్రస్తావనకు వచ్చిన బొమ్మల పరీక్ష గురించి మీరు చదివే ఉంటారు. అందరూ ఆ కథను బొమ్మలతో మొదలుపెడతారు, నేను ఒక బస్సుతో మొదలుపెడతాను. సౌత్ కరోలినా రాష్ట్రంలో క్లారెండన్ అనే కౌంటీ ఉంది. 1940లలో అక్కడ తెల్లజాతి పిల్లల కోసం 30 బడి బస్సులు తిరిగేవి. నల్లజాతి పిల్లలకు ఒక్కటి కూడా లేదు. వాళ్లు మైళ్ల తరబడి నడిచి బడికి వెళ్లేవాళ్లు. జోసెఫ్ డిలెయిన్ అనే పాస్టరు, ఆయన ఉపాధ్యాయుడు కూడా, తల్లిదండ్రులను కూడగట్టి ఒక బస్సు అడిగించారు. అధికారులు ఇవ్వలేదు. 1949లో తల్లిదండ్రులు సంతకాలు చేసి అర్జీ పెట్టుకున్నారు. అందులో మొదటి పేరు హ్యారీ బ్రిగ్స్‌ది. పెట్రోలు బంకులో ఆయన ఉద్యోగం పోయింది. ఆయన భార్య ఎలైజాను కూడా పనిలోంచి తీసేశారు. డిలెయిన్ ఇల్లు తగలబడిపోయింది. ఆ 1949-50 సంవత్సరంలో కౌంటీ ఒక్కో తెల్లజాతి పిల్లవాడి మీద 179 డాలర్లు, నల్లజాతి పిల్లవాడి మీద 43 డాలర్లు ఖర్చుపెట్టింది.

ఈ లెక్క చూస్తే ఇంకే పరిశోధన కావాలనిపిస్తుంది. ఆ అర్జీ దావాగా మారింది. 1951 మేలో చార్ల్‌స్టన్ కోర్టులో విచారణ మొదలైన రోజునే రాష్ట్రం తరఫు న్యాయవాది లేచి, బడులు సమానంగా లేవని ఒప్పుకున్నాడు. సరిచేస్తామన్నాడు. గవర్నరు జేమ్స్ బర్న్స్ అప్పటికే కొత్త అమ్మకం పన్ను వేసి, నల్లజాతి పిల్లలకు కొత్త బడులు కట్టే పథకం తెచ్చాడు. డబ్బు ఇస్తాం, భవనాలు కడతాం, పిల్లలను మాత్రం కలపం అన్నది వాళ్ల ఎత్తు. 1896 నాటి సుప్రీంకోర్టు ప్లెసీ తీర్పు వేరుగా ఉన్నా సమానంగా ఉంటే చాలన్నది కాబట్టి, 179కి 43 అనే లెక్క ఆ ఒక్క ఒప్పుకోలుతో పదును కోల్పోయింది. ఇక మిగిలిన ప్రశ్న ఇది: భవనం, పుస్తకం, జీతం అన్నీ సమానం చేసినా, వేరుచేయడం వల్లనే పిల్లలకు హాని జరుగుతుందా?

కెనెత్ క్లార్క్, మేమీ క్లార్క్ దంపతుల పని అక్కరకు వచ్చింది అక్కడే. ఆ పని కోర్టు కోసం మొదలైనది కాదు. హోవర్డ్ విశ్వవిద్యాలయంలో మేమీ ఎం.ఏ. చేసేటప్పుడు, నల్లజాతి చిన్నపిల్లలకు తాము ఎవరో ఏ వయసులో తెలుస్తుందన్న ప్రశ్నతో మొదలైంది. మీలాంటి విద్యార్థిని థీసిస్ అది, గుర్తుపెట్టుకోండి. తరువాత ఇద్దరూ కలిసి మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు పిల్లలు 253 మందికి నాలుగు బొమ్మలు చూపించారు. ఒంటి రంగు, జుట్టు రంగు తప్ప బొమ్మలన్నీ ఒకటే. ఆడుకోవడానికి ఏది కావాలి, మంచి బొమ్మ ఏది, చెడ్డ బొమ్మ ఏది అని అడిగారు. ఎక్కువమంది తెల్ల బొమ్మను కోరుకున్నారు. చివరి ప్రశ్న, నీలా ఉన్న బొమ్మ ఏది అన్నది. అంతకుముందే గోధుమరంగు బొమ్మను చెడ్డదని చూపించిన పిల్లలు ఇప్పుడు అదే బొమ్మను ఇది నేనే అని చూపించాలి. కొందరు ఏడ్చారు, కొందరు గదిలోంచి పరుగెత్తారు. ఈ పని చదివిన ప్రతిసారీ ఆ చివరి ప్రశ్న దగ్గర నిలబడిపోయిన పసివాడే నాకు కనిపిస్తాడు.

రాబర్ట్ కార్టర్ అనే యువ న్యాయవాది ఈ పనిని కేసులోకి తెచ్చారు. బొమ్మలు పట్టుకుని కోర్టుకు వెళ్లడమేమిటని ఆయన సహచరుల్లోనే కొందరు అభ్యంతరం చెప్పారు. ఆయన పట్టు వదలలేదు. కెనెత్ క్లార్క్ అవే బొమ్మలతో క్లారెండన్ వెళ్లి అక్కడి బడిలో 16 మంది పిల్లలను పరీక్షించారు. 10 మంది తెల్ల బొమ్మను ఇష్టపడ్డారు, 11 మంది గోధుమరంగు బొమ్మను చెడ్డదన్నారు. పదహారు మంది అంటే ఏ గణాంక శాస్త్రవేత్తా తల ఊపని నమూనా. కానీ వాళ్లు ఆ కేసులోని పిల్లలు, ఆ ఊరి పిల్లలు. కోర్టు వేసిన ప్రశ్న ఆ పిల్లల గురించే.

చార్ల్‌స్టన్‌లో 2-1 తేడాతో ఓడిపోయారు. అయితే అదే ఏడాది కాన్సస్ కోర్టు, తీర్పు వ్యతిరేకంగానే ఇచ్చినా, వేరుచేయడం నల్లజాతి పిల్లలకు హాని చేస్తుందని ఒక నిర్ధారణగా రాసిపెట్టింది. లూయిసా హోల్ట్ అనే మనస్తత్వవేత్త ఇచ్చిన సాక్ష్యం దాని వెనుక ఉంది. 1954 మే 17న, ఈ కేసులను కలిపి విన్న బ్రౌన్ కేసులో, సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎర్ల్ వారెన్ ఆ నిర్ధారణను తన తీర్పులో యథాతథంగా ఎత్తిరాశారు. తొమ్మిదిమంది న్యాయమూర్తులూ ఏకాభిప్రాయంతో వేరుబడులు రాజ్యాంగ విరుద్ధమన్నారు. క్లార్క్ పేరు 11వ పాదసూచికలో వచ్చింది. పాఠ్యపుస్తకాలన్నీ ఆ పాదసూచిక గురించే చెబుతాయి. నాకు మాత్రం ఓడిపోయిన కోర్టులో నమోదైన ఆ ఒక్క వాక్యమే ఎక్కువ నేర్పింది. దాన్ని అక్కడ నమోదు చేయించుకోకపోతే పైకోర్టుకు ఎత్తిరాయడానికి ఏమీ ఉండేది కాదు.

ఇక ఆ పరిశోధనలో లోపాల సంగతి. మీ మార్గదర్శకులు తప్పకుండా అడుగుతారు. ఆ 253 మందిలో 134 మంది దక్షిణాదిలోని వేరుబడుల పిల్లలు, 119 మంది మసాచుసెట్స్‌లో తెల్లజాతి పిల్లలతో కలిసి చదివేవాళ్లు. తెల్ల బొమ్మతో ఆడుకుంటామన్నవాళ్లు దక్షిణాదిలో 62 శాతం, ఉత్తరాదిలో 72 శాతం. అంటే కలిసి చదివే చోటే ఎక్కువ. సౌత్ కరోలినా తరఫున సుప్రీంకోర్టులో వాదించిన జాన్ డేవిస్ సరిగ్గా ఈ అంకెలనే పట్టుకున్నాడు. ఉత్తరాది పిల్లలు తమ బాధను దాచుకోలేదు, దక్షిణాది పిల్లలు దానికి అలవాటుపడిపోయారు అన్నది క్లార్క్ వివరణ. అది నిజమే కావచ్చు. కానీ బొమ్మల పరీక్ష కొలిచింది ఆ దేశమంతా నిండిన జాతి వివక్ష వేసిన గాయాన్ని. ఆ గాయంలో బడి వాటా ఎంతో అది విడదీయలేదు.

నన్ను ఇంతకంటే ఎక్కువగా బాధపెట్టేది ఇంకొకటి. 1952లో సుప్రీంకోర్టుకు సమర్పించిన సామాజిక శాస్త్రవేత్తల ప్రకటనలో, వేరుచేయడం తెల్లజాతి పిల్లల మనసులను కూడా చెడగొడుతుందని స్పష్టంగా ఉంది. తీర్పులోకి ఆ మాట రాలేదు. నల్లజాతి పిల్లల గాయం ఒక్కటే వచ్చింది. దాంతో లోపం నల్లజాతి బడిలోనే ఉంది, పిల్లలను అక్కడినుంచి తీసి తెల్లజాతి బడిలో వేస్తే చాలు అనే అర్థం అమలులోకి వచ్చింది. నల్లజాతి బడులను మూసేశారు. 1954కీ 1965కీ మధ్య దక్షిణాది, సరిహద్దు రాష్ట్రాల్లో సుమారు 38,000 మంది నల్లజాతి ఉపాధ్యాయులు, ప్రధానోపాధ్యాయులు ఉద్యోగాలు కోల్పోయారని అంచనా. తరతరాలుగా ఆ పిల్లలను అక్కున చేర్చుకుని చదివించినవాళ్లు వాళ్లే. ఇప్పుడు వస్తున్న పరిశోధన, చిన్న తరగతుల్లో ఒక్క నల్లజాతి ఉపాధ్యాయుడు దొరికినా ఆ పిల్లలు చదువు మానేయడం తగ్గుతుందని చూపిస్తోంది. ఆనాడు ఎవరూ ఆ ప్రశ్న వేయలేదు. మనం వేయని ప్రశ్నకు కూడా ఎవరో మూల్యం చెల్లిస్తారు. అందుకే ప్రశ్నను ఎంచుకోవడం దగ్గరే ఎక్కువ కాలం గడపమని నా విద్యార్థులకు చెబుతుంటాను.

తీర్పు వచ్చాక బడులు కలిశాయా? పదేళ్ల తరువాత, 1964లో, దక్షిణాది నల్లజాతి పిల్లల్లో తెల్లజాతివారు ఎక్కువగా ఉన్న బడుల్లో చదివేవాళ్లు 2.3 శాతం. వర్జీనియాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీ అయితే పిల్లలను కలపవలసి వస్తుందని 1959 నుంచి ఐదేళ్లు ప్రభుత్వ బడులనే మూసేసింది. కదలిక తెచ్చింది 1964 నాటి పౌరహక్కుల చట్టం. వివక్ష చూపే బడులకు కేంద్రం డబ్బు ఆపవచ్చని అందులో ఉంది. మరుసటి ఏడాది బడులకు కేంద్రం పెద్ద మొత్తంలో డబ్బు ఇవ్వడం మొదలుపెట్టాక ఆ మాటకు బలం వచ్చింది. ఏ బడిలో ఏ జాతి పిల్లలు ఎంతమంది అన్న లెక్కను కేంద్ర ప్రభుత్వ పౌరహక్కుల విభాగం 1968 నుంచి దేశవ్యాప్తంగా సేకరిస్తోంది. ఆ 2.3 శాతం 1968కి 23.4 అయింది, 1988కి 43.5కు చేరింది. 1971కీ 1988కీ మధ్య 13 ఏళ్ల నల్లజాతి, తెల్లజాతి పిల్లల మధ్య జాతీయ పఠన పరీక్షలో తేడా 39 పాయింట్ల నుంచి 18కి తగ్గింది. రెండింటికీ పూర్తి కార్యకారణ సంబంధం అంటగట్టను, అప్పుడు ఇంకా చాలా మారాయి. అయినా తప్పనిసరిగా నింపవలసిన ఒక పట్టికకు, ఆగిపోయే నిధులకు ముడి పడితే లెక్కకు ఎంత శక్తి వస్తుందో ఆ అంకెలు చెబుతాయి.

కోల్‌మన్ నివేదిక గురించి క్లుప్తంగా చెబుతాను, దాని మీద మీకు ఒక సెమిస్టరంతా పాఠాలు ఉంటాయి. సామాజిక శాస్త్రవేత్త జేమ్స్ కోల్‌మన్ నాయకత్వంలో 1966లో వచ్చిన ఆ నివేదిక ఆరు లక్షలకు పైగా పిల్లలను సర్వే చేసి, భవనాల కన్నా కుటుంబ స్థితి, తోటి పిల్లల స్థితి చదువు మీద ఎక్కువ ప్రభావం చూపుతాయని చెప్పింది. పిల్లలను కలపాలన్నవాళ్లు తోటి పిల్లల మాటను పట్టుకున్నారు. బడుల మీద డబ్బు దండగ అన్నవాళ్లు కుటుంబం మాటను పట్టుకున్నారు. అదే కోల్‌మన్ 1975లో, నగరాల్లో బడులను కలపడం మొదలయ్యాక తెల్లజాతి కుటుంబాలు శివార్లకు వెళ్లిపోతున్నాయని రాస్తే, అప్పటిదాకా ఆయనను మెచ్చుకున్నవాళ్లే మండిపడ్డారు.

శివార్ల సంగతే డెట్రాయిట్ కేసు. నగరం బడుల్లో ఎక్కువమంది నల్లజాతివారు, చుట్టూ తెల్లజాతి శివార్లు. ఒక్క నగరంలోనే కలపాలంటే తెల్లజాతి పిల్లలు సరిపోరు. కింది కోర్టు న్యాయమూర్తి స్టీఫెన్ రాత్ సాక్ష్యాలన్నీ విని, 53 శివారు స్కూల్ డిస్ట్రిక్టులను (ఒక్కో ప్రాంతపు బడులను నడిపే విభాగాలను) కూడా కలిపి పథకం వేయమన్నారు. 1974లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో దాన్ని కొట్టేసింది. శివార్లు తప్పు చేశాయని రుజువు కాలేదు కాబట్టి డిస్ట్రిక్టు హద్దు దాటకూడదంది. అప్పటికి న్యాయమూర్తిగా ఉన్న థర్గుడ్ మార్షల్, క్లారెండన్ కేసు వాదించిన ఆయనే, గట్టిగా విభేదించారు. ఇళ్లు ఎందుకు విడిపోయాయో, బ్యాంకులు ఎవరికి అప్పులు ఇవ్వలేదో చెప్పే సాక్ష్యం విచారణలో వచ్చింది. ఐదుగురు న్యాయమూర్తులు దాన్ని పక్కన పెట్టారు. ఈ రోజు మీ చుట్టూ కనిపించే విభజన చాలావరకు ఆ హద్దు మీదే నిలబడి ఉంది.

మంచి ఫలితాలు చాలా ఆలస్యంగా రావడం ఈ రంగంలో మరో బాధ. బర్కిలీలో రక్కర్ జాన్సన్ అనే ఆర్థికవేత్త 1968 నుంచి ఒకే కుటుంబాలను వెంటాడుతున్న సర్వేను తీసుకుని, కోర్టు ఆదేశాల వల్ల కలిసిన బడుల్లో చదివిన పిల్లలు పెద్దయ్యాక ఏమయ్యారో చూశారు. నల్లజాతి పిల్లలు ఎక్కువ ఏళ్లు చదివారు, ఎక్కువ సంపాదించారు, జైలుకు వెళ్లడం తగ్గింది, ఆరోగ్యం మెరుగైంది. ఎన్ని ఎక్కువ ఏళ్లు కలిసి చదివితే అంత మేలు. తెల్లజాతి పిల్లలకు నష్టం కనిపించలేదు. ఇంతకంటే బలమైన సాక్ష్యం ఏముంటుంది? కానీ ఇది చేతికి వచ్చేసరికి కోర్టులు వెనక్కి తగ్గిపోయాయి. 1991 తరువాత ఒక్కొక్క డిస్ట్రిక్టునూ ఆదేశాల నుంచి విడుదల చేస్తూ వచ్చాయి. విడుదలైన చోట్ల బడులు క్రమంగా మళ్లీ విడిపోయాయని షాన్ రియర్డన్ అనే పరిశోధకుడి బృందం 2012లో చూపించింది. దక్షిణాదిలో ఆ 43.5 శాతం 2011కి 23.2కు పడిపోయింది. కలిసి చదివిన పిల్లలు నలభై ఏళ్లవాళ్లు అయితే గానీ వాళ్ల జీవితం గురించి చెప్పలేము. తీర్పు చెప్పేవాళ్లు అంతవరకు ఆగరు.

అమెరికా దాటి ఒక ఉదాహరణ చెబుతాను, ఎందుకంటే పరిశోధన నేరుగా గెలిచిన కేసు నాకు తెలిసి అదొక్కటే. చెక్ దేశంలో ఓస్త్రావా అనే నగరం. అక్కడ రోమా పిల్లలను మందబుద్ధుల కోసం పెట్టిన ప్రత్యేక బడుల్లో వేసేవాళ్లు. రోమా ప్రజల భాష మూలాలు మన ఉత్తర భారతంలో ఉన్నాయి, వెయ్యేళ్ల కిందట అక్కడినుంచి వెళ్లినవాళ్లు. అధికారులను అడిగితే జాతిని బట్టి లెక్కలు మేము ఉంచం అన్నారు. 1999లో యూరోపియన్ రోమా హక్కుల కేంద్రం వాళ్లే బడిబడికీ ప్రశ్నావళి పంపి లెక్క తీశారు. నగరంలోని రోమా పిల్లల్లో సగానికి పైగా ప్రత్యేక బడుల్లో ఉన్నారు. మిగతా పిల్లల్లో రెండు శాతం కూడా లేరు. రోమా పిల్లవాడు అక్కడికి చేరే అవకాశం 27 రెట్లు ఎక్కువ.

18 మంది పిల్లల తరఫున ఐరోపా మానవహక్కుల న్యాయస్థానానికి వెళ్తే 2006లో ఓడిపోయారు. విస్తృత ధర్మాసనం 2007 నవంబరు 13న 13-4 తేడాతో ఆ తీర్పును తిరగరాసింది. ఎవరో ఒక అధికారి దురుద్దేశంతో చేశాడని చూపించనక్కరలేదు, ఇలాంటి గణాంకాలు ఉంటే వివక్ష లేదని రుజువు చేసుకునే బాధ్యత ప్రభుత్వానిదే అంది. ఆ ఒక్క సూత్రం తరువాత ఎన్నో దేశాల రోమా కేసులకు ఆధారమైంది. ఓస్త్రావాలో మార్పు నత్తనడకన సాగింది, బడుల పేరు మారి లోపల చాలాకాలం అదే నడిచింది. అయినా ప్రభుత్వం లెక్కపెట్టనన్న దాన్ని బయటివాళ్లు లెక్కపెట్టడం వల్లనే ఆ గెలుపు వచ్చింది.

నా అనుభవం కూడా చెబుతాను. కొన్నేళ్ల కిందట నేను పనిచేసిన ఒక స్కూల్ డిస్ట్రిక్టు కోసం 140 పేజీల నివేదిక రాశాను. బడుల హద్దులు ఎలా గీస్తే పిల్లలు ఎక్కువగా కలుస్తారో, బస్సు ప్రయాణం పెరగకుండా ఎలా చేయవచ్చో పటాలతో సహా చూపించాను. బోర్డు ధన్యవాదాలు చెప్పి పక్కన పెట్టింది. మూడేళ్లు ఎవరూ దాని పేరు ఎత్తలేదు. నేను చాలా కుమిలిపోయాను. తరువాత ఒకరోజు హైస్కూలు పిల్లలు నలుగురు వచ్చి, ఆ నివేదికలో 87వ పేజీ పట్టిక తమకు వివరంగా చెప్పమన్నారు. హద్దుల గురించి కాదు. ఎనిమిదో తరగతిలో బీజగణితం తీసుకునే అర్హత మార్కులు ఉన్న పిల్లల్లో, జాతిని బట్టి ఎందరికి నిజంగా ఆ తరగతిలో చోటు దొరికిందన్న పట్టిక అది. ఒకే మార్కులు వచ్చిన పిల్లల్లో నల్లజాతి పిల్లలు చాలామంది బయటే ఉండిపోయారు, ఎందుకంటే ఉపాధ్యాయుడి సిఫారసు కావాలి, లేదా తల్లిదండ్రులు వెంటపడాలి. ఆ పిల్లలు బోర్డు సమావేశంలో మైకు దగ్గర నిలబడి మూడు నిమిషాల్లో ఆ పట్టిక చదివారు. ఆ ఏడాదే సిఫారసు నియమం పోయింది, మార్కులు వస్తే నేరుగా తరగతిలో వేయడం మొదలైంది. నా 140 పేజీల్లో పనికొచ్చింది ఆ ఒక్కటి. నార్త్ కరోలినా రాష్ట్రం ఇలాంటి లెక్కలు పత్రికల్లో వచ్చాక 2018లో దీన్నే చట్టం చేసింది, టెక్సాస్ 2023లో చేసింది.

ఇక్కడ మనవాళ్ల గురించి కూడా ఒక మాట చెప్పాలి. న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి టెక్సాస్‌లోని ఫ్రిస్కో వరకు మన తెలుగు కుటుంబాలు ఇల్లు కొనేముందు మొదట చూసేది బడి రేటింగు. నేనూ అలాగే కొన్నాను. ఆ రేటింగుల్లో చాలాకాలం ఎక్కువ బరువు పరీక్ష మార్కులకే ఉండేది. మార్కులు బడి ఎంత బాగా నేర్పిందో చెప్పేదానికన్నా పిల్లల ఇంటి ఆదాయాన్నే ఎక్కువగా చెబుతాయి. పిల్లలు ఒక ఏడాదిలో ఎంత ఎదిగారన్న కొలత తీసుకుంటే బడుల వరుస చాలా మారిపోతుంది. మనం ఎవరినీ ద్వేషించకుండానే, పది రేటింగు వెతుక్కుంటూ, ఆ డెట్రాయిట్ హద్దును ప్రతిరోజూ గట్టిపరుస్తున్నాం. మన పిల్లల సీటు పోతుందన్న భయం సమావేశాల్లో గట్టిగా వినిపిస్తుంది. ఆ భయాన్ని తక్కువ చేయను. కానీ కలిసి చదవడం వల్ల తెల్లజాతి పిల్లలు నష్టపోలేదన్న జాన్సన్ ఫలితాన్ని ఆ తల్లిదండ్రులకు తెలుగులో కూర్చోబెట్టి చెప్పినవాళ్లు ఎవరూ లేరు. మీరు చెప్పగలరు.

ఇక మీ థీసిస్. న్యూజెర్సీలో ఉన్నారు కాబట్టి మీ కాళ్ల కిందే పెద్ద ప్రశ్న ఉంది. ఆ రాష్ట్ర 1947 నాటి రాజ్యాంగం ప్రభుత్వ బడుల్లో జాతిని బట్టి వేరుచేయడాన్ని పేరుపెట్టి నిషేధించింది. అయినా పిల్లలు తాము ఉండే ఊరి బడికే వెళ్లాలి కాబట్టి, ఊళ్లు విడిపోతే బడులూ విడిపోతున్నాయి. 2018 మే 17న, బ్రౌన్ తీర్పు వచ్చిన తేదీనే, దీని మీద దావా వేశారు. 2023లో న్యాయమూర్తి, ఎన్నో డిస్ట్రిక్టుల్లో జాతిపరమైన అసమతూకం తీవ్రంగా ఉందని ఒప్పుకుంటూనే, రాష్ట్రమంతటా వ్యవస్థ మొత్తం అలాగే ఉందని రుజువు కాలేదన్నారు. ఆ రెండు వాక్యాల మధ్య ఖాళీ చూడండి. చార్ల్‌స్టన్‌లో భవనాల ప్రశ్న పక్కకు పోయి హాని ప్రశ్న మిగిలినట్టే, ఇక్కడ ఉందా లేదా అన్నది తేలిపోయి, ఎంతవరకు, దేని వల్ల అన్నది మిగిలింది. వేరుబడులు పిల్లలకు చెడు చేస్తాయని మళ్లీ నిరూపించడానికి రెండేళ్లు ఖర్చుపెట్టకండి, ఆ పని అయిపోయింది. రియర్డన్, ఆన్ ఓవెన్స్ 2024లో దేశంలోని వంద పెద్ద డిస్ట్రిక్టుల్లో నల్లజాతి, తెల్లజాతి పిల్లల మధ్య విభజన 1988 నుంచి 64 శాతం పెరిగిందని చూపించారు. పెరుగుదలకు ఇళ్లు విడిపోవడం కన్నా కోర్టులు వెనక్కి తగ్గడం, ఛార్టర్ బడులు (ప్రభుత్వ నిధులతో స్వతంత్రంగా నడిచేవి) పెరగడం కారణాలన్నారు. అంటే విధానం వల్ల వచ్చింది, విధానంతో మార్చవచ్చు.

పక్కపక్కనే ఉన్న రెండు డిస్ట్రిక్టులు తీసుకోండి. ఆ హద్దు ఎప్పుడు, ఎవరు, ఎందుకు గీశారో పురపాలక పత్రాల్లో వెతకండి. హద్దుకు అటూ ఇటూ అరమైలు దూరంలో ఉన్న పిల్లలను పోల్చండి. ఇలాంటి చిన్న, గట్టి పోలిక ఎంత దూరం వెళ్తుందో మేరీలాండ్‌లోని మాంట్‌గొమరీ కౌంటీ చూపించింది. అక్కడ ప్రభుత్వ ఇళ్లు సంపన్న వాడల్లో కూడా చెదురుగా ఉంటాయి, ఎవరికి ఏ ఇల్లు అన్నది లాటరీలా నిర్ణయమవుతుంది. హెదర్ స్క్వార్ట్జ్ 2010లో అలాంటి ఇళ్లలోని సుమారు 850 మంది పిల్లలను చూసి, అదనపు నిధులు ఇచ్చిన పేద బడుల్లోని పిల్లల కన్నా, పేదరికం తక్కువ ఉన్న బడులకు వెళ్లిన పిల్లలు ప్రాథమిక విద్య చివరికి లెక్కల్లో చాలా ముందుకు వెళ్లారని చూపించారు. ఆ తరువాత బడి గురించి మాట్లాడేవాళ్లు ఇళ్ల గురించి మాట్లాడక తప్పలేదు.

అన్నిటికన్నా ముందు ఒక పని చేయండి. మీ ప్రశ్న ఖాయం చేసుకోకముందే ఆ రెండు ఊళ్ల స్కూల్ బోర్డు సమావేశాలకు ఒక ఆరు నెలలు వెళ్లండి. వెనక వరుసలో కూర్చుని, ఎవరు మైకు దగ్గరకు వస్తున్నారో, వాళ్లకు ఏ సమాధానం చెప్పి కూర్చోబెడుతున్నారో రాసుకోండి. బయటికి వచ్చాక వాళ్లను పలకరించి, మీకు ఏ లెక్క చేతిలో ఉంటే బాగుండేది అని అడగండి. ఆ జాబితా పట్టుకుని నాకు రాయండి. ఏ లెక్కలు రాష్ట్రం దగ్గర ఇప్పటికే ఉన్నాయో, ఏవి సమాచార హక్కు కింద అర్జీ పెట్టి తీసుకోవాలో, ఏ ఏడాది పట్టికల్లో ఎలాంటి తప్పులు దొర్లాయో నాకు తెలిసినంతవరకు దగ్గరుండి చూపిస్తాను.